మీకు అర్థం కాదులే అన్నారు: యూనిక్స్ పది ఎడిషన్ల కథ



మేము డిగ్రీ రెండో సంవత్సరం, కంప్యూటర్ సైన్స్. హాస్టల్లో ఒకే గదిలో నలుగురం ఉంటాం. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. ఈ పోస్టు కూడా నలుగురం కూర్చుని మాట్లాడుకుని రాసిందే. పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మొదటి సంవత్సరంలో మాకు లైనక్స్ ల్యాబ్ పెట్టారు. నల్లటి తెర, దాని మీద మిణుకు మిణుకుమనే చిన్న గీత. మౌస్ పనిచేయదు, బొమ్మలు లేవు. ఏం నొక్కాలో తెలీక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. అప్పుడు ఒకరు వచ్చి, "రికార్డులో ఉన్న కమాండ్లు కొట్టండి, వచ్చింది రాసుకోండి, లోపల ఏం జరుగుతుందో మీకు అర్థం కాదులే" అన్నారు. ఎవరన్నారో ఇప్పుడు అనవసరం. కోపంగా కూడా అనలేదు, మామూలుగానే అన్నారు. మేం కూడా నిజమే కదా అన్నట్టు తలూపాం. తర్వాత గదికొచ్చాక మాకు బాధనిపించింది అలా తలూపినందుకే.

ఈ ఏడాది ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపరు వచ్చింది. యూనిక్స్ చరిత్ర మీద గైడులో నాలుగు లైన్లున్నాయి. నాలుగు లైన్లూ బట్టీ పడితే మార్కులు వస్తాయి. కానీ మాకు తృప్తి కాలేదు. రాత్రుళ్లు ఫోన్లో డిక్షనరీ పక్కన పెట్టుకుని అసలు కథ చదవడం మొదలెట్టాం. చదువుతూ పోతే ఒక చోట మమ్మల్ని అన్న మాటే కనిపించింది. అది ఎక్కడో తర్వాత చెప్తాం. ముందు కథ మొదటి నుంచి.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే

ఆర్ట్స్ చదివే తమ్ముళ్ల కోసం ఒక్క ముక్క. మన హాస్టల్లో కుళాయి ఒకటే, బకెట్లు నలభై. ఎవరి వంతు ఎప్పుడు, ఎవరు ఎన్ని బకెట్లు పట్టుకోవాలి, ఒకరి బకెట్ ఇంకొకరు తీసుకెళ్లకుండా ఎలా అని చూసేవాళ్లు ఒకరుండాలి. కంప్యూటర్లో ఆ పని చేసేది ఆపరేటింగ్ సిస్టమ్. ఒకే ప్రాసెసర్, ఒకే మెమరీ, ఒకే డిస్కు ఉంటాయి. వాటిని పది ప్రోగ్రాములకు, పది మంది మనుషులకు వంతులేసి పంచుతుంది.

1960లలో కంప్యూటర్ అంటే ఒక పెద్ద హాలంత మిషన్. ప్రోగ్రామును కార్డుల మీద రంధ్రాలుగా కొట్టి, ఆ కార్డుల కట్టను కిటికీ దగ్గర ఇచ్చి రావాలి. ఫలితం కోసం గంటలు ఆగాలి, ఒక్కోసారి మర్నాడు రావాలి. ఒక్క కామా తప్పినా మళ్లీ కార్డులు, మళ్లీ లైను. ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, ఒక సంతకం తక్కువైందని వెనక్కొచ్చిన అనుభవం మనందరికీ ఉంది కదా, అచ్చం అలాగే. ఒకే మిషన్ ముందు చాలామంది ఒకేసారి కూర్చుని, ఎవరికి వాళ్లు టైపు చేసి వెంటనే జవాబు తెచ్చుకోవడం అప్పట్లో కొత్త ఆలోచన. దాన్ని టైమ్ షేరింగ్ అన్నారు.

మూతపడ్డ పెద్ద ప్రాజెక్టు

ఆ ఆలోచనతో అమెరికాలో ఎంఐటీ, జనరల్ ఎలక్ట్రిక్, బెల్ ల్యాబ్స్ కలిసి మల్టిక్స్ అనే పెద్ద సిస్టమ్ కట్టడం మొదలెట్టాయి. బెల్ ల్యాబ్స్ అంటే అప్పట్లో ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ కంపెనీ పరిశోధన సంస్థ, న్యూజెర్సీలో మర్రే హిల్ అనే చోట ఉండేది. 1947లో ట్రాన్సిస్టర్ కనిపెట్టింది అక్కడే.

మల్టిక్స్ ఆలోచనలు గొప్పవే. కానీ ఏళ్లు గడిచినా, డబ్బు ఖర్చవుతున్నా, సిస్టమ్ అనుకున్నట్టు చేతికి రాలేదు. 1969లో బెల్ ల్యాబ్స్ తప్పుకుంది. దాని మీద పనిచేసిన కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ, డగ్ మెక్‌ఇల్రాయ్, జో ఒసాన్నా లాంటివాళ్ల చేతిలో పని పోయింది, పని చేసుకునే మిషనూ పోయింది.

రిచీ తర్వాత రాసిన దాంట్లో ఒక మాట మాకు బాగా నచ్చింది. వాళ్లకి కావాల్సింది ప్రోగ్రాములు రాసుకునే వసతి ఒక్కటే కాదట. తోటివాళ్లంతా చుట్టూ చేరి కలిసి పనిచేసే చోటు కావాలట. మల్టిక్స్ పోయాక వాళ్లకి ఎక్కువ లోటనిపించింది అదే.

ఆ ఏడాదంతా వాళ్లు ఒక మోస్తరు మిషన్ కొనిపెట్టమని పైవాళ్లని అడిగారు. మేమే ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకుంటాం అన్నారు. పైవాళ్లు కాదనలేదు, అవుననీ అనలేదు. మన భాషలో చెప్పాలంటే పెండింగ్. ఒక పెద్ద సిస్టమ్ మీద చెయ్యి కాల్చుకున్న కంపెనీకి ఇంకో సిస్టమ్ అనే మాటే ఇష్టం లేదు.

మూలనున్న మిషన్

థాంప్సన్ ఈలోగా ఒక ఆట రాసుకున్నాడు. పేరు స్పేస్ ట్రావెల్. సూర్యుడి చుట్టూ గ్రహాలు, వాటి మధ్య ఓడ నడుపుకుంటూ పోవడం. ల్యాబులోని పెద్ద కంప్యూటర్ మీద ఒక్కసారి ఆడితే లెక్కలో సుమారు 75 డాలర్లు పడేది. అప్పుడు అతనికి ఎవరూ పెద్దగా వాడని ఒక పీడీపీ-7 కనిపించింది. అప్పటికే పాతదైపోయిన చిన్న మిషన్, కానీ బొమ్మలు చూపించే మంచి తెర ఉంది. థాంప్సన్, రిచీ కలిసి ఆటను దాని మీదకు మార్చారు. ఆ మిషన్ మీద ప్రోగ్రాములు తయారుచేసుకునే వసతి లేదు కాబట్టి, పెద్ద కంప్యూటర్ మీద తయారుచేసి, కాగితపు టేపు మీద రంధ్రాలుగా కొట్టి, ఆ టేపు చేత్తో మోసుకొచ్చి ఎక్కించేవాళ్లు.

ఫైళ్లను ఎలా దాచాలో అంతకుముందే థాంప్సన్, రిచీ, రడ్ కెనడే బోర్డు మీద గీసుకుని పెట్టుకున్నారు. ఇప్పుడు మిషన్ దొరికింది. 1969 వేసవిలో థాంప్సన్ భార్య బానీ ఏడాది పిల్లాణ్ణి తీసుకుని కాలిఫోర్నియాలో ఉన్న అత్తమామల దగ్గరికి కొన్ని వారాలకు వెళ్లింది. ఆ కొద్ది వారాల్లో ఎడిటర్‌కి ఒక వారం, అసెంబ్లర్‌కి ఒక వారం, సిస్టమ్‌కి ఒక వారం అన్నట్టు పెట్టుకుని థాంప్సన్ మొత్తం నిలబెట్టాడు. ఈ ముక్క అందరూ థాంప్సన్ గొప్పతనంగానే చెప్తారు. నిజంగానే గొప్ప. కానీ ఆ వారాలు పిల్లాణ్ణి ఎత్తుకుని తిరిగిన బానీ పేరు కూడా ఇందులో ఉండాలని మేం అనుకున్నాం, అందుకే రాశాం.

1970లో బ్రయాన్ కెర్నిగన్ దీనికి పేరు పెట్టాడు. మల్టిక్స్‌లో మల్టీ అంటే అనేకం, ఇది ఒక్కటే కాబట్టి యూని. మల్టిక్స్ మీద ఎకసెక్కం అన్నమాట. అలా యూనిక్స్ అయింది.

టైపిస్టుల గదిలో

పీడీపీ-7 పాతది, అరువుది. సొంత మిషన్ కావాలి. ఈసారి ఒసాన్నా, లీ మెక్‌మహన్ అడిగే తీరు మార్చారు. ఆపరేటింగ్ సిస్టమ్ అనే మాట ఎత్తలేదు. ఆఫీసు కాగితాలు రాసి, దిద్ది, అచ్చువేసే ఏర్పాటు చేస్తాం, దానికొక పీడీపీ-11 కావాలి అన్నారు. ధర సుమారు 65,000 డాలర్లు. ఇది మంజూరైంది. ఎవరికి ఏ ఉపయోగమో స్పష్టంగా కనిపించింది కాబట్టి.

1970 వేసవి చివర్లో మిషన్ వచ్చింది, డిస్కు రాలేదు. డిస్కు డిసెంబరు దాకా రాలేదు. ఆ మూడు నెలలు ఆ మిషన్ ఏం చేసిందో తెలుసా? ఆరు గళ్లు, ఎనిమిది గళ్లు ఉన్న చదరంగం పలక మీద గుర్రం ప్రతి గడినీ ఒక్కసారే తాకి మొదటికి వచ్చే దారులు ఎన్నో లెక్కపెడుతూ కూర్చుంది.

డిస్కు వచ్చాక యూనిక్స్‌ని దాని మీద కొత్తగా రాశారు. 1971లో బెల్ ల్యాబ్స్ పేటెంట్ విభాగం దాన్ని వాడటం మొదలెట్టింది. ముగ్గురు టైపిస్టులు పేటెంట్ దరఖాస్తులు టైపు చేస్తుంటే, అదే మిషన్ మీద పక్కనే వీళ్లు సిస్టమ్‌ను ఇంకా కడుతున్నారు. మొత్తం మెమరీ 24 కిలోబైట్లు. అందులో 16 సిస్టమ్‌కి, 8 వాడేవాళ్లకి. డిస్కు 512 కిలోబైట్లు. మన ఫోన్లో ఒక్క ఫోటో ఆ డిస్కు మొత్తంలో పట్టదు. ఒక ప్రోగ్రాము తప్పు చేస్తే ఇంకొకదాన్ని కాపాడే ఏర్పాటు మిషన్లో లేదు. కొత్త ప్రోగ్రాము ఒకటి నడిపి చూడాలంటే జాగ్రత్తా కావాలి, గుండె ధైర్యమూ కావాలి. కూలిపోతే టైపిస్టుల పని పోతుంది.

మాకు ఇక్కడ అర్థమైంది ఏంటంటే, యూనిక్స్‌ని మొదట నిలబెట్టింది శాస్త్రవేత్తల మెప్పు కాదు. ఆ ముగ్గురు టైపిస్టుల రోజువారీ పని. వాళ్ల పేర్లు పుస్తకాల్లో మాకు కనబడలేదు.

ఎడిషన్ అంటే సిస్టమ్ కాదు, పుస్తకం

పరీక్షలో మనం వెర్షన్ 1, వెర్షన్ 6, వెర్షన్ 7 అని రాస్తాం. మేం కూడా ఫోన్లో యాప్ అప్‌డేట్ లాంటిదే అనుకున్నాం. కాదు. ల్యాబులో సిస్టమ్ రోజూ మారుతూనే ఉండేది. ఇదిగో ఇవాళ్టితో పూర్తయింది అని ఎవరూ విడుదల చేసేవాళ్లు కాదు. పూర్తయ్యేది పుస్తకం. అంటే వాడేవాళ్ల కోసం రాసిన మాన్యువల్. ఆ మాన్యువల్ మొదటి ఎడిషన్ మీద తేదీ 1971 నవంబర్ 3. రాసింది థాంప్సన్, రిచీ. ఆ పుస్తకం అమల్లో ఉన్నప్పుడు మిషన్లో ఏది నడుస్తుందో దానికే మొదటి ఎడిషన్ యూనిక్స్ అని పేరు. రెండోది 1972 జూన్. అప్పటికి యూనిక్స్ నడుస్తున్న చోట్లు పది అని ఆ మాన్యువల్ ముందుమాటలో రాసుకున్నారు. మూడోది 1973 ఫిబ్రవరి, నాలుగోది అదే ఏడాది నవంబర్, ఐదోది 1974 జూన్, ఆరోది 1975 మే, ఏడోది 1979 జనవరి.

ఆ మాన్యువల్ రాసిన పద్ధతి చూడండి. ఒక్కో కమాండుకి ఒక్కో పేజీ. పేరేంటి, ఎలా వాడాలి, ఏం చేస్తుంది, ఏ ఫైళ్లు ముట్టుకుంటుంది. చివర్లో ఇంకో శీర్షిక ఉంటుంది: బగ్స్. అంటే లోపాలు. ఈ ప్రోగ్రాములో ఫలానా తప్పుంది, ఫలానా చోట పనిచేయదు అని రాసినవాళ్లే రాసి పెట్టారు. మొదటి ఎడిషన్లో ఆ ప్రోగ్రాము ఎవరి బాధ్యతో కూడా పేజీలోనే ఉంటుంది.

ఒక ఉదాహరణ. మొదటి ఎడిషన్లో గడియారం 1971 జనవరి 1 నుంచి సెకనులో అరవయ్యో వంతు చొప్పున లెక్కపెట్టేది. ఆ అంకెకిచ్చిన చోటు 32 బిట్లు. లెక్కేస్తే రెండుంబావు సంవత్సరాలకే చోటు నిండిపోతుంది. ఆ సంగతి దాచలేదు, మాన్యువల్లోనే హెచ్చరించారు. తర్వాత లెక్కను సెకన్లకి మార్చి, 1970 జనవరి 1 నుంచి మొదలెట్టారు. ఇప్పటికీ మన ఫోన్లు లోపల కాలాన్ని ఆ రోజు నుంచే సెకన్లలో లెక్కపెడతాయి.

మెక్‌ఇల్రాయ్ ఇంకో సంగతి చెప్పాడు. మాన్యువల్లో రాయడానికి కూర్చుంటే వంకర బయటపడేదట. వివరించడానికే ఇబ్బందిగా ఉంటే, పేజీ రాయడం ఆపి ముందు ప్రోగ్రామునే సరిచేసేవాళ్లట. మా నలుగురికీ ఇది కొత్త. రికార్డులో తప్పు కనబడితే మార్కులు పోతాయని వైట్నర్ పూసే చదువు మాది. ఇక్కడేమో తప్పుని పేరు పెట్టి అచ్చువేశారు. అది చదివి వేరేవాళ్లు సరిచేశారు.

మూడో ఎడిషన్: పైపు

మెక్‌ఇల్రాయ్‌కి 1964 నుంచీ ఒక కోరిక. తోటకి నీళ్లు పెట్టే గొట్టానికి ఇంకో గొట్టం తగిలించినట్టు, ఒక ప్రోగ్రాముకి ఇంకో ప్రోగ్రాము తగిలించగలగాలి అని. కొండ మీద ఊట నీళ్లని పైపు వెనక పైపు బిగించుకుంటూ ఊళ్లోకి తెచ్చుకోవడం మన దగ్గర చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఎగువన ఉన్న పైపుకి దిగువన ఏముందో తెలియక్కర్లేదు. నీళ్లు వదిలితే చాలు.

ఏళ్ల తరబడి చెప్తూ ఉంటే, చివరికి ఒక రోజు థాంప్సన్ సరే చేస్తానని ఒక్క రాత్రిలో దాన్ని సిస్టమ్‌లో పెట్టేశాడు. ఉన్న ప్రోగ్రాములన్నీ దానికి తగ్గట్టు మార్చేశాడు. మూడో ఎడిషన్ మాన్యువల్లో అది చేరింది. అప్పటినుంచి యూనిక్స్ పద్ధతి మారిపోయింది. అన్ని పనులూ చేసే ఒక పెద్ద ప్రోగ్రాము రాయడం మానేసి, ఒక్క పనిని బాగా చేసే చిన్న చిన్న ప్రోగ్రాములు రాసి, వాటిని పైపుతో కలపడం అలవాటైంది. ఒకటి ఫైళ్ల పేర్లు చెప్తుంది, ఇంకొకటి వరస పెడుతుంది, ఇంకొకటి లెక్కపెడుతుంది. ఈ చిన్న పనిముట్లలో కొన్ని లొరిండా చెర్రీ అనే ఆమె పాలుపంచుకున్నవి. డీసీ అనే లెక్కల ప్రోగ్రాము రాబర్ట్ మోరిస్‌తో కలిసి, గణిత సమీకరణాలు అచ్చువేసే ఈక్యూఎన్ కెర్నిగన్‌తో కలిసి రాసింది. మన అక్కలు, చెల్లెళ్లు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి.

నాలుగో ఎడిషన్: సీ భాష

అప్పటిదాకా యూనిక్స్ అసెంబ్లీ భాషలో ఉండేది. అసెంబ్లీ అంటే ఆ ఒక్క మిషన్‌కే అర్థమయ్యే భాష. మిషన్ మారితే మొత్తం మళ్లీ రాయాలి. థాంప్సన్ అంతకుముందే బీ అనే చిన్న భాష చేశాడు. దాన్నుంచి రిచీ సీ భాషను తయారుచేశాడు. 1972లో సిస్టమ్ మొత్తాన్ని సీలో రాయాలని థాంప్సన్ ప్రయత్నించాడు, కుదరక వదిలేశాడు. భాషలో స్ట్రక్చర్లు అప్పటికి లేవు. రిచీ వాటిని చేర్చాడు. 1973 వేసవిలో మళ్లీ ప్రయత్నిస్తే నిలబడింది. నాలుగో ఎడిషన్ నాటికి కెర్నల్, అంటే సిస్టమ్ గుండెకాయ, సీలో ఉంది.

మొదటి సెమిస్టర్లో మనం స్ట్రక్చర్ అంటే ఏంటి అనే ప్రశ్నకి డెఫినిషన్ బట్టీ పట్టాం. అది ఎందుకు పుట్టిందో ఎవరైనా చెప్పి ఉంటే బట్టీ అక్కర్లేకపోయేది.

1973 అక్టోబరులో థాంప్సన్, రిచీ ఒక సదస్సులో దీని మీద పేపరు చదివారు. 1974 జూలైలో అది పత్రికలో అచ్చయింది. 40,000 డాలర్ల మిషన్ మీద కూడా ఇది నడుస్తుందని, ముఖ్యమైన సాఫ్ట్‌వేర్‌కి పట్టిన శ్రమ ఇద్దరు మనుషులు ఒక ఏడాది చేసే పని కన్నా తక్కువేనని అందులో రాశారు. చదివిన యూనివర్సిటీలన్నీ మాకూ కావాలని అడిగాయి.

తాళం లేని రోజులు

ఇక్కడ ఒక చట్టం సంగతి ఉంది. ఏటీ అండ్ టీ దేశమంతా టెలిఫోన్లు చేతిలో పెట్టుకున్న గుత్త కంపెనీ. 1956లో ప్రభుత్వంతో కేసు రాజీ చేసుకుంటూ, టెలిఫోన్ వ్యాపారం దాటి వేరే వ్యాపారాలు చేయమని ఒప్పుకుంది. కాబట్టి యూనిక్స్‌ని సరుకుగా అమ్ముకునే వీల్లేదు. యూనివర్సిటీలకి నామమాత్రపు రుసుముతో లైసెన్స్ ఇచ్చి టేపు పంపేది. టేపు మీద సిస్టమ్‌తో పాటు సోర్స్ కోడ్ కూడా, అంటే మనుషులు చదవగలిగే అసలు రాత. పాడైతే బాగుచేస్తామనే హామీ లేదు. ఎవరి తిప్పలు వాళ్లవి. దానివల్ల జరిగింది ఏంటంటే, వాడేవాళ్లు లోపలికి చూడక తప్పలేదు, ఒకరికొకరు చెప్పుకోక తప్పలేదు.

ఆరో ఎడిషన్ ఇలా చాలా దూరం పోయింది. ఆస్ట్రేలియాలో సిడ్నీకి చేరింది. అక్కడ న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో జాన్ లయన్స్ అనే సారు, ఆపరేటింగ్ సిస్టమ్స్‌ని సిద్ధాంతంగా కాకుండా, నిజంగా నడిచే ఒక సిస్టమ్‌ని మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదివించి నేర్పాలనుకున్నాడు. ఆరో ఎడిషన్ కెర్నల్ సుమారు 9,000 లైన్లు. ఒక సంచికలో ఆ కోడు మొత్తం, ఇంకో సంచికలో వరుసగా దాని వివరణ రాశాడు. 1977 నాటికి అది పూర్తయింది. ఒక విద్యార్థి ఒక సెమిస్టర్లో మొత్తం చదవగలిగే ఆపరేటింగ్ సిస్టమ్ అది.

మేం మొదట్లో చెప్పిన మాట ఉన్నది ఇక్కడే. ఆరో ఎడిషన్ కెర్నల్లో ఒక ప్రోగ్రామును ఆపి ఇంకొకదానికి వంతు ఇచ్చే చోట, కోడు మధ్యలో ఒక వ్యాఖ్య ఉంది. దాని అర్థం, ఇది మీకు అర్థం కావాలని ఎవరూ అనుకోవడం లేదు అని. ప్రపంచమంతా ప్రోగ్రామర్లు ఇప్పటికీ చెప్పుకునే వ్యాఖ్య అది. అది చదివిన రాత్రి మేం నలుగురం కాసేపు ఏం మాట్లాడుకోలేదు. ల్యాబులో మమ్మల్ని అన్నది ఇదే కదా.

అక్కడితో ఆపి ఉంటే ఈ పోస్టు ఉండేది కాదు. రిచీ తర్వాత దాని గురించి వివరణ రాశాడు. ఆ మాట ఎవర్నీ తక్కువ చేయడానికి రాయలేదట. ఇది పరీక్షలో రాదులే అని సారు చెప్తారే, ఆ ధోరణిలో రాశారట. ఇంకో మాట కూడా ఒప్పుకున్నాడు: అసలు సమస్య ఏంటంటే, అక్కడ ఏం జరుగుతుందో తమకే సరిగా అర్థం కాలేదని. ఆ పద్ధతే మూలంలో తప్పు. తర్వాత దాన్ని మార్చేశారు.

సీ భాషను తయారుచేసిన మనిషి, తను రాసిన సిస్టమ్‌లోని ఒక ముక్క తనకే అర్థం కాలేదని పేరు పెట్టి రాసుకున్నాడు. మరి మాకు మొదటి రోజు అర్థం కాకపోవడంలో వింతేముంది? అర్థం కాకపోవడం చదువులో ఒక దశ. అది ఒక ఊరికో, ఒక కులానికో, ఒక మీడియంకో పుట్టుకతో వచ్చింది కాదు.

ఏడో ఎడిషన్: తాళం పడింది

1979 జనవరి నాటి ఏడో ఎడిషన్‌ని చాలామంది అన్నిటికన్నా గొప్పదంటారు. స్టీవ్ బోర్న్ రాసిన షెల్, సెడ్, ఆక్ అన్నీ ఇందులో ఉన్నాయి. ఆక్ అనేది అహో, వైన్‌బర్గర్, కెర్నిగన్ అనే ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు. సీ భాషలో ఉన్నందువల్ల సిస్టమ్‌ని పీడీపీ-11 కాని ఇంటర్‌డేటా అనే వేరే మిషన్ మీదకి కూడా మార్చి చూపించారు. ఒక్క మిషన్‌కి కట్టుబడని ఆపరేటింగ్ సిస్టమ్ అయింది.

కానీ అదే ఎడిషన్ లైసెన్సులో కొత్త షరతు వచ్చింది. సోర్స్ కోడ్‌ని తరగతి గదిలో పాఠంగా చెప్పకూడదు. కంపెనీకి దాని విలువ తెలిసొచ్చింది. లయన్స్ పుస్తకం లైసెన్సు ఉన్నవాళ్లకే పరిమితం. మరి లేని విద్యార్థులు ఏం చేశారు? జిరాక్స్ తీశారు. జిరాక్స్‌కి జిరాక్స్, దానికి ఇంకో జిరాక్స్, అక్షరాలు చెదిరిపోయేదాకా. ఆ పుస్తకం బహిరంగంగా అచ్చయింది 1996లో, దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత. సీనియర్ల నోట్సు జిరాక్సులతో గట్టెక్కిన మనకి ఆ పేజీలు ఎలా ఉండి ఉంటాయో చెప్పక్కర్లేదు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆండ్రూ టానెన్‌బామ్ అనే ప్రొఫెసర్, ఇక పాఠం చెప్పడానికి కోడు లేదు కాబట్టి సొంతంగా మినిక్స్ అనే చిన్న సిస్టమ్ రాసి 1987లో పుస్తకంతో పాటు ఇచ్చాడు. హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మినిక్స్ వాడుతూ, 1991లో తన సొంత కెర్నల్ మొదలెట్టాడు. అప్పటికి అతనికి 21 ఏళ్లు. మాకంటే ఒక్క ఏడాది పెద్ద. అదే లైనక్స్. అందులో యూనిక్స్ కోడు లేదు, పద్ధతి మాత్రం యూనిక్స్‌దే. మన ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్నది లైనక్స్ కెర్నలే.

ఎనిమిది, తొమ్మిది, పది

ఏటీ అండ్ టీ విడిపోవడం ఖాయమయ్యాక 1956 నాటి కట్టుబాటు పోయింది. 1983లో సిస్టమ్ ఫైవ్ పేరుతో కంపెనీ యూనిక్స్‌ని సరుకుగా అమ్మింది. పరిశోధన గదిలోవాళ్లు మాత్రం తమ దారిన తాము రాసుకుంటూ పోయారు. ఎనిమిదో ఎడిషన్ 1985, తొమ్మిదోది 1986, పదోది 1989. ఇవి బయట కొద్ది చోట్లకే వెళ్లాయి. నడుస్తున్న ప్రోగ్రాములు కూడా ఫైళ్లలాగే కనబడే ప్రాక్ అనే ఏర్పాటు ఎనిమిదో ఎడిషన్లో వచ్చింది. మన ల్యాబులోని లైనక్స్‌లో ఇప్పటికీ ఉంది, చూడొచ్చు. పదో ఎడిషన్‌తో ఆ వరస ఆగింది. వాళ్లు ప్లాన్ 9 అనే కొత్త సిస్టమ్ వైపు వెళ్లారు.

ఆ ప్లాన్ 9 కోసం 1992 సెప్టెంబరులో థాంప్సన్, రాబ్ పైక్ కలిసి యూటీఎఫ్-8 అనే పద్ధతి తయారుచేశారు. ప్రపంచంలోని అన్ని లిపులూ ఒకే పద్ధతిలో దాచుకునే ఏర్పాటు. మీరు ఇప్పుడు చదువుతున్న ఈ తెలుగు అక్షరాలు ఇంటర్నెట్‌లో ప్రయాణించేది ఆ పద్ధతిలోనే, ఒక్కో గుర్తుకి మూడు బైట్ల చొప్పున. మా పోస్టు మొత్తం వాళ్ల మొదటి పీడీపీ-11 మెమరీలో పట్టదని లెక్కేసి నవ్వుకున్నాం.

మిగిలింది రాసిందే

చివరిగా ఒక్కటి. మొదటి ఎడిషన్ కెర్నల్ టేపు మిగల్లేదు. మిగిలింది 1972 నాటి ఒక కాగితం ప్రింటు. 2008లో కొందరు ఔత్సాహికులు ఆ కాగితాలని స్కాన్ చేసి, అక్షరం అక్షరం సరిచూసి, మళ్లీ నడిచేలా చేశారు. పీడీపీ-7 నాటి కోడు కూడా అలాగే పాత ప్రింట్ల నుంచే బతికొచ్చింది. మొదటి ఏడు ఎడిషన్లని 2002లో, మిగతా మూడింటిని 2017లో అందరూ చూసేలా వదిలారు. ఒకప్పుడు క్లాసులో చెప్పకూడదన్న కోడు ఇప్పుడు మన ఫోన్లోనే తెరుచుకుంటుంది. మేం ఆరో ఎడిషన్ కెర్నల్ తెరిచాం. ఆ వ్యాఖ్య ఉన్న చోటికి వెళ్లాం. పైన నాలుగు లైన్లు, కింద నాలుగు లైన్లు ఇప్పటికి అర్థమయ్యాయి. మిగతావి మెల్లిగా.

ఇది చదివాక మేం ఒక పని మొదలెట్టాం. వచ్చే ఏడాది హాస్టల్‌కి వచ్చే తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఒక నోట్‌బుక్. ఒక్కో కమాండుకి ఒక్కో పేజీ, తెలుగులో. పేరు, ఎలా వాడాలి, ఏం చేస్తుంది. చివర్లో లోపాలు అని ఒక శీర్షిక, మాకు అర్థం కాని సంగతి అందులో దాచకుండా రాస్తున్నాం. ఇప్పటికి పదకొండు పేజీలయ్యాయి. ఈ ల్యాబు చదివేసిన అన్నలు, అక్కలు ఉంటే చూసి తప్పులు దిద్దండి. కొత్తగా వచ్చే పిల్లలు ఆ నల్లటి తెర ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోకూడదు. మీకు అర్థం కాదులే అని ఎవరన్నా అంటే మాలాగా తలూపకూడదు.